మచ్చా... ముచ్చటా?

తెల్లటి రేకు. దాని అంచు పొడవునా ఊదారంగు దారంతో కుట్టినట్టు సన్నటి చుక్కలు, గీతలు. ఈ పువ్వును ఇద్దరు ఐరిస్ బ్రీడర్ల ముందు పెట్టారనుకోండి. ఒకాయన వంగి, కళ్లద్దాలు సర్దుకుని ఆ కుట్టుపని చూస్తూ నిలబడిపోతాడు. ఇంకొకాయన ‘రేకు శుభ్రంగా లేదు’ అనేసి పక్క వరసకు వెళ్లిపోతాడు. ఇద్దరికీ ముప్పై ఏళ్ల అనుభవం ఉండొచ్చు. ఇద్దరూ పతకాలు గెలిచినవాళ్లే అయ్యుండొచ్చు. మరి ఎవరు కరెక్ట్?

దాదాపు 180 ఏళ్లుగా ఈ గొడవ తెగలేదు. తెగి ఉంటే ఏమయ్యేదో కింద చెబుతాను.

పూల ముచ్చట కెరీర్ పేజీలోకి ఎందుకొచ్చింది అంటారా? నేనూ తోటమాలిని కాను. ఇంజినీరింగ్ చదివి, టెక్నాలజీ గురించి బ్లాగు రాసుకునేవాణ్ని. మా లోకంలో యాప్‌లో ఒక బటన్ రంగు మారిస్తే అది జనానికి నచ్చిందో లేదో సాయంత్రానికల్లా డ్యాష్‌బోర్డు చెప్పేస్తుంది. ఐరిస్ బ్రీడరు ఈ మే నెలలో తీసుకున్న డిజైన్ నిర్ణయం సరైనదో కాదో తెలియడానికి పదేళ్లు పడుతుంది. పైగా ‘అన్‌డూ’ లేదు. అలాంటి పనిని మనుషులు ఏ ధైర్యంతో చేస్తారా అని చదవడం మొదలుపెట్టి, బయటికి రాలేకపోయాను.

ముందు పువ్వును చూద్దాం

గడ్డం ఐరిస్‌లో మూడు రేకులు పైకి లేచి గోపురంలా ముడుచుకుంటాయి. మూడు కిందికి వాలతాయి. కిందికి వాలిన రేకు మొదట్లో గొంగళిపురుగు పాకుతున్నట్టు ఓ వెంట్రుకల వరస ఉంటుంది. అదే గడ్డం. పేరు దాని వల్లే వచ్చింది. మనం పైరేకులు, కిందిరేకులు అని పిలుచుకుందాం.

ఆరు రేకులూ ఒకే రంగైతే దాన్ని ‘సెల్ఫ్’ అంటారు. పైరేకులు తెల్లగా ఉండి కిందిరేకులకు మాత్రమే రంగుంటే ‘అమీనా’. పైన పసుపు, కింద ముదురు ఎరుపో గోధుమరంగో ఉంటే ‘వేరిగేటా’. పైన లేత నీలం, కింద ముదురు నీలం ‘నెగ్లెక్టా’. మొదట్లో చెప్పుకున్న అంచుకుట్టు పువ్వు ‘ప్లికాటా’. దాన్ని దాదాపు తిరగేస్తే వచ్చేది ‘ల్యూమినాటా’. ఇందులో రంగు రేకు మధ్యలో నీళ్లరంగులా పరుచుకుంటుంది. గడ్డం చుట్టూ, అంచున, ఈనెల మీద మాత్రం లేతగా వదిలేస్తుంది. లోపల దీపం వెలిగించిన కాగితపు లాంతరులా ఉంటుంది చూడ్డానికి. ఇక బ్రష్‌ను దులిపినట్టు అడ్డదిడ్డంగా చారలు, మరకలు పడితే అది ‘బ్రోకెన్ కలర్’. పొట్టి రకాల్లో ఇంకోటుంది. కిందిరేకు మధ్యలో ఎవరో బొటనవేలు ముంచి అద్దినట్టు ఒక మచ్చ.

చీరల కొట్లో కూర్చున్నవాళ్లకు ఈ గొడవ కొత్తగా అనిపించదు. ఒకరికి ఒంటిరంగు చీర మీద జరీ అంచు చాలు. ఇంకొకరికి ఒళ్లంతా బుటాలుండాలి. పోచంపల్లి ఇక్కత్‌లో బొమ్మ అంచులు కాస్త చెదిరినట్టుంటాయి కదా, ఆ చెదరడమే అందం అనేవాళ్లున్నారు, చెదరకుండా ఉంటే బాగుండు అనేవాళ్లూ ఉన్నారు. కాకపోతే చీర నచ్చకపోతే అదే డిజైన్ మళ్లీ నేయించుకోవచ్చు. బ్రీడరు నచ్చలేదని పీకి పారేసిన మొక్క మళ్లీ పుట్టదు. ఒక్కో విత్తనంలో జన్యువుల కలయిక ఒక్కసారే జరుగుతుంది. ఈ గొడవలో అసలు బరువంతా అక్కడుంది.

రెండు లేయర్లు, నాలుగు ప్రతులు

ఫొటోషాప్ తెలిసినవాళ్లకు ఐరిస్ రంగులు త్వరగా అర్థమవుతాయి. రేకులో రెండు లేయర్లుంటాయి. ఒకటి ఆంథోసయనిన్. కణంలోని నీటిలో కరిగి ఉండే నీలం, ఊదా రంగు ఇదే. రెండోది కెరోటినాయిడ్. కణంలోని ప్లాస్టిడ్లలో ఉండే పసుపు, నారింజ, గులాబి. రెండింటినీ నడిపే జన్యువులు వేరువేరు. ప్లికాటా జన్యువు మొదటి లేయర్‌ను మాత్రమే పట్టించుకుంటుంది. దాన్ని రేకు మధ్యలోంచి తుడిచేసి అంచున చుక్కలుగా మిగులుస్తుంది. కింద ఉన్న లేయర్ తెల్లగా ఉంటే ఊదా కుట్టు కనిపిస్తుంది. పసుపు ఉంటే అదే ఊదా చుక్క దాని మీద పడి గోధుమరంగుగా, ఇటుకరంగుగా కనిపిస్తుంది. అంటే ‘బ్రౌన్ ప్లికాటా’లో కనిపించే బ్రౌన్ రెండు లేయర్లు ఒకదానిమీదొకటి పడటం వల్ల వచ్చిందే.

కాలిఫోర్నియాలోని పోర్టర్‌విల్‌లో జిమ్ గిబ్సన్ అనే ఆయన జీవితంలో చాలా భాగం ఈ గోధుమరంగు కుట్టు మీదే పెట్టాడు. 1946 నాటి ‘గిబ్సన్ గర్ల్’ నుంచి మొదలుపెట్టి తరం మీద తరం పెంచుకుంటూ పోయాడు. ఆయన ‘కిల్ట్ లిల్ట్’కు 1976లో అమెరికన్ డైక్స్ మెడల్ వచ్చింది. ఐరిస్ లోకంలో దానికి మించిన గౌరవం లేదు. నీలం ఐరిస్‌లు విరగబూస్తున్న కాలంలో ఒక మనిషి బ్రౌన్‌ను పట్టుకుని ముప్పై ఏళ్లు కూర్చోవడం ఎంత మొండితనమో ఊహించండి.

మొండితనం అని ఎందుకంటున్నానంటే లెక్క అలాంటిది. ఇంటర్‌లో చదివిన మెండెల్ బఠానీలు గుర్తున్నాయా? అంతర్గత లక్షణం రెండో తరంలో నాలుగింట ఒక మొక్కలో బయటపడుతుంది. ప్లికాటా కూడా అంతర్గత లక్షణమే. కానీ ఇప్పటి పొడుగు ఐరిస్‌లు టెట్రాప్లాయిడ్‌లు. ప్రతి క్రోమోజోమ్‌కూ నాలుగేసి ప్రతులు, మొత్తం 48. ప్లికాటా కంటికి కనిపించాలంటే నాలుగు ప్రతులూ ప్లికాటావే కావాలి. ఒక ప్లికాటాను, ఆ జన్యువు బొత్తిగా లేని సెల్ఫ్‌తో కలిపితే పిల్లలన్నీ నిండురంగుతోనే పూస్తాయి, ఒక్క చుక్కా ఉండదు. ఆ పిల్లల్లో రెండింటిని కలిపితే ఒక్కోవైపు నుంచి రెండూ ప్లికాటా ప్రతులే రావడానికి ఆరింట ఒక వంతు అవకాశం. రెండువైపులా అలాగే రావాలి కాబట్టి 36 మొక్కల్లో ఒకటి. నూరు మొక్కలు పెంచితే కనీసం ఒక్కటి కనిపించే అవకాశం 94 శాతం దాకా ఉంటుంది. కనిపించిన ఆ ఒక్కటీ వంకర కాడతో, వారానికే వాడిపోయే మొగ్గలతో ఉంటే మళ్లీ మొదటికి.

పని మామూలుగా చేతులతోనే. పట్టకారుతో ఒక పువ్వులోని కేసరం తీసి, దాని పుప్పొడిని ఇంకో పువ్వు కీలాగ్రం పెదవి మీద రాస్తారు. ఏ తల్లికి ఏ తండ్రో రాసిన చీటీ కాడకు కడతారు. రెండు నెలలకు కాయ పండుతుంది. చలికాలానికి ముందు విత్తుతారు, వసంతంలో మొలుస్తుంది. తొలి పువ్వు ఆ పై ఏడాదికి గానీ రాదు, కొన్నిటికి ఇంకో ఏడాది కూడా పడుతుంది. పూసినవాటిలో నూటికి ఒకటో రెండో ఉంచి, మిగతావి పీకేస్తారు. ఉంచినవాటిని కొన్నేళ్లు గమనించి, దుంపలు పెరిగాక పేరు పెట్టి, 1920లో మొదలైన అమెరికన్ ఐరిస్ సొసైటీ దగ్గర రిజిస్టర్ చేయిస్తారు. ఆ తర్వాతే అమ్మకం, జడ్జీలు, అవార్డులు. పాతికేళ్లకు మొదలుపెట్టినవాడికి జీవితంలో ఎన్ని వసంతాలు దొరుకుతాయో లెక్కేసుకోండి. ఎన్ని తరాలు దొరుకుతాయో కూడా.

బగ్గే ఫీచరైంది

పాతకాలం ఐరిస్‌లు చూస్తే గడ్డానికి అటూ ఇటూ, రేకు సన్నబడే మెడ దగ్గర గోధుమరంగు, ఊదారంగు గీతలు గజిబిజిగా ఉంటాయి. అడవి జాతుల నుంచి వచ్చిన ఆస్తి అది. తేనెటీగకు దారి చూపించే గీతలని అంటారు. ఇరవయ్యో శతాబ్దం నడిమికి వచ్చేసరికి జడ్జీలకు ఈ గీతలు కంట్లో నలుసుల్లా కనిపించడం మొదలైంది. ‘మెడ శుభ్రంగా ఉండాలి’ అన్నది ఒక నియమంలా మారింది. స్వచ్ఛమైన తెలుపు, స్వచ్ఛమైన గులాబి, స్వచ్ఛమైన నీలం కావాలి. గీతలున్న మొక్క ఎంత బలమైనదైనా కంపోస్టు కుప్పలోకే.

ఇందులో ఒక తమాషా ఉంది. ఆ శుభ్రమైన మెడను తెచ్చిపెట్టిన దారుల్లో ఒకటి ప్లికాటా కుటుంబం నుంచే వచ్చింది. ప్లికాటాల మధ్య సంకరాల్లో అప్పుడప్పుడూ ఆంథోసయనిన్ చుక్క కూడా లేని పువ్వు పుడుతుంది. దానికి ‘గ్లాసియాటా’ అని పేరు. మంచుముక్కలా ఉంటుంది, మెడ మీద గీత వేయడానికి ఆ రంగే ఉండదు. మచ్చల్లేని పువ్వు కావాలన్నవాళ్లు మచ్చల వంశం గుమ్మంలోకే వచ్చి నిలబడాల్సి వచ్చిందన్నమాట. ఎవరి తోటలోనూ ప్లికాటాలు మిగలకుండా అందరూ సెల్ఫ్‌లే పెంచి ఉంటే ఈ దారి దొరికేదే కాదు.

తర్వాత గాలి మళ్లీ మారింది. మెడ గీతల్ని తుడిచేయడానికి అంత కష్టపడ్డ లోకమే, ఆ గీతల్ని రేకు చివరిదాకా లాగితే ఎలా ఉంటుందని చూడటం మొదలుపెట్టింది. ఒరెగాన్‌కు చెందిన కీత్ కెపెల్ ప్లికాటా, ల్యూమినాటా వంశాలతో దశాబ్దాలపాటు పనిచేసి తెచ్చిన రకాల్లో ‘డ్రామా క్వీన్’ ఒకటి. కిందిరేకంతా ముదురు ఊదా గీతలే. యాభై ఏళ్ల కిందటి జడ్జి చూస్తే మొహం తిప్పుకునేవాడు. పేరు మాత్రం సరిగ్గా పెట్టారు.

పువ్వును చూసి తీర్పు చెప్పడం ఎంత ప్రమాదమో చెప్పడానికి నాకు నచ్చిన కథ ఇండియానా రాష్ట్రంలోని బ్లఫ్టన్ అనే చిన్న ఊరిది. 1940లో డైక్స్ మెడల్ గెలిచిన ‘వాబాష్’ అక్కడిదే. తెల్లటి పైరేకులు, ముదురు ఊదా కిందిరేకులు, చక్కటి అమీనా. కానీ ఆనాటి అమీనాల నుంచి కొత్తవి పుట్టించడం నరకం. లక్షణం అంతర్గతం, విత్తనాలు సరిగా మొలిచేవి కావు. అదే ఊళ్లో ఉండే పాల్ కుక్ అనే బ్రీడరు బాల్కన్ కొండల పొట్టి జాతి ఐరిస్ రైఖన్‌బాఖీని ఒక నీలం పొడుగు ఐరిస్‌తో కలిపాడు. వచ్చిన పువ్వు చిన్నది, ఆకారం అంతంతమాత్రం, ఏ ప్రదర్శనలోనూ నిలబడదు. కాకపోతే పైరేకులు కిందిరేకుల కన్నా లేతగా ఉన్నాయి. కుక్ దాన్ని పీకేయలేదు. 1951లో ‘ప్రొజెనిటర్’ అని పేరు పెట్టి రిజిస్టర్ చేశాడు. మూలపురుషుడు అని అర్థం. ఆ పువ్వులో ఉన్నది పైరేకుల రంగును అణిచే బహిర్గత జన్యువు. ఇక నాలుగు ప్రతుల కోసం ఎదురుచూడక్కర్లేదు. దాని వంశంలోంచే ‘హోల్ క్లాత్’ వచ్చింది, తెలుపు మీద నీలం. 1962లో డైక్స్ మెడల్ దానిదే. ఇప్పుడు మనం చూసే తెలుపు-నీలం ఐరిస్‌లలో చాలావాటి ముత్తాత ఆ అందంలేని పువ్వు.

ఈ ఊరి ఇంకో విశేషం చెప్పి వదిలేస్తా. వాబాష్ వచ్చిన విలియమ్సన్ కుటుంబంలో ఇ.బి. విలియమ్సన్ బ్యాంకులో పనిచేస్తూ తూనీగల మీద పరిశోధన చేసినవాడు. తూనీగల శాస్త్రంలో ఆయనది పెద్ద పేరు. ఐరిస్‌లు మూడో వ్యాపకం.

మరకల పార్టీ

ప్లికాటా మీద తగాదా ఇంట్లో అన్నదమ్ముల తగాదా లాంటిది. బ్రోకెన్ కలర్ మీద తగాదా వేరు. ఇది వచ్చిన కొత్తల్లో చాలామంది దాన్ని పువ్వుగా కూడా ఒప్పుకోలేదు, జబ్బు అనుకున్నారు. కారణం తులిప్. 1630ల్లో హాలెండ్‌ను ఊపేసిన చారల తులిప్‌ల రంగు విరగడానికి ఒక వైరస్ కారణమని ఇరవయ్యో శతాబ్దంలో తేలింది. అందుకే చారల ఐరిస్ కనబడగానే పక్కవాటికి అంటుకోకముందే పీకేయాలనిపించడం సహజం.

నెబ్రాస్కాలోని లింకన్‌లో అలన్ ఎన్స్‌మింగర్ పీకలేదు. చారల మొక్కల్ని ఒకదానితో ఒకటి కలిపి చూశాడు. పిల్లల్లోనూ చారలొచ్చాయి, పక్క మొక్కలకు అంటలేదు. అంటే ఇది వంశపారంపర్యం. ఆయన తెచ్చిన ‘బాటిక్’ 1986లో మార్కెట్‌లోకి వచ్చింది. ముదురు నీలి ఊదా మీద తెల్లటి చారలు, మైనం అద్దకం వేసినట్టే. ఏ రెండు పువ్వులూ ఒకేలా ఉండవు. ఒకే మొక్క, ఒకే కాడ, అయినా డిజైన్ వేరు. దీని వెనక ‘గెంతే జన్యువులు’ ఉన్నాయని చాలామంది అభిప్రాయం. రేకు పెరుగుతుండగా ఒక కణంలో రంగు జన్యువు మధ్యలోంచి అవి లేచిపోతే ఆ కణం నుంచి పుట్టిన చారంతా రంగు మారిపోతుంది. మొక్కజొన్న గింజల మీద మచ్చల్ని చూసి బార్బరా మెక్‌క్లింటాక్ కనిపెట్టినది ఈ గెంతే జన్యువులనే. 1983లో నోబెల్ వచ్చింది.

యూటాలో బ్రాడ్ కాస్పరెక్ ఈ పార్టీకి జెండా మోసినవాడు. తోట పేరే జీబ్రా గార్డెన్స్. పూల పేర్లు ‘టైగర్ హనీ’, ‘బివైల్డర్‌బీస్ట్’ లాంటివి. ఇవతలి పార్టీవాళ్ల వాదన ఏంటంటే, తోటలో పది అడుగుల దూరం నుంచి చూస్తే ఈ చారలన్నీ కలిసిపోయి మాసిన గుడ్డలా కనిపిస్తాయని. ఒంటిరంగు పువ్వు గేటు దగ్గర్నుంచే పిలుస్తుంది. చారల పువ్వు దగ్గరికి వస్తే తప్ప మాట్లాడదు. ఈ వాదనలో నిజముంది. సన్నటి చుక్కల ప్లికాటా కూడా దూరానికి లేత ఊదాగానే కనిపిస్తుంది, అంత కుట్టుపనీ గాల్లో కలిసిపోయినట్టే.

నా ఓటు అడిగితే బాటిక్‌కు వేస్తాను. చారకూ నేలకూ రంగుల తేడా తెగ్గొట్టినట్టు ఉంది కాబట్టి. లేత గోధుమ మీద లేత పసుపు చారలు మాత్రం నా కంటికి టీ ఒలికినట్టే ఉంటాయి. ఇంకో అనుమానం కూడా ఉంది. ఇప్పుడు కొనేవాళ్లు ముందు చూసేది ఫోన్ తెరమీద బొమ్మ. అరచేతిలో పట్టే ఆ బొమ్మలో ఒక్క పువ్వే కనిపిస్తుంది. కాడ ఎలా నిలబడింది, కొమ్మలెన్ని, మొగ్గలెన్ని, ఆకు ఆరోగ్యంగా ఉందా అన్నవి కనిపించవు. దూరానికి మాసిపోయే నమూనా తెరమీద బ్రహ్మాండంగా ఉంటుంది. తెర అభిరుచిని ఎటు లాగుతుందో టెక్ రాసుకునేవాణ్ని కాబట్టి నాకు కాస్త తెలుసు.

జనం ఓటు, జెండా ఓటు

జడ్జీలకూ మామూలు జనానికీ అభిరుచి ఒకటేనా? డైక్స్ మెడల్ జాబితా చూస్తే ప్లికాటాకు అన్యాయమేమీ జరగలేదు. అమెరికాలో 1927లో ఇచ్చిన మొట్టమొదటి మెడలే ‘శాన్ ఫ్రాన్సిస్కో’ అనే ప్లికాటాకు దక్కింది. 1968లో ‘స్టెపింగ్ ఔట్’, 1990లో ‘జెస్సీస్ సాంగ్’ కూడా అవే. కానీ సొసైటీ సభ్యులు తమకు నచ్చిన పొడుగు ఐరిస్‌లకు ఓటేసే పోల్‌లో ఏళ్ల తరబడి మొదటి స్థానంలో కూర్చున్నది ‘డస్కీ ఛాలెంజర్’. ష్రైనర్స్ వాళ్ల 1986 నాటి రకం. ముదురు ఊదా, పట్టులాంటి మెరుపు, అంచున అలలు. ఒక్క చుక్క, ఒక్క గీత లేదు.

దేశాన్ని బట్టి కూడా కళ్లు మారతాయి. ఫ్లోరెన్స్ నగర చిహ్నం తెలుపు మీద ఎర్రటి పువ్వు. పేరుకు లిల్లీ అంటారుగానీ నిజానికి అది ఐరిస్. 1954లో అక్కడ ఐరిస్ తోట పెట్టారు, 1957 నుంచి అంతర్జాతీయ పోటీ నడుపుతున్నారు. ఎర్ర ఐరిస్ తెచ్చినవాళ్లకు ప్రత్యేక బహుమతి ఉంది. అసలు చిక్కేంటంటే ఐరిస్ ఆంథోసయనిన్ నీలం వైపు మొగ్గే రకం. దాన్ని పసుపు, నారింజ మీద పరిచి ఇటుకరంగు దాకా తీసుకురాగలరు, చిహ్నంలోని ఎరుపు మాత్రం చేతికి చిక్కడం లేదు. ఫ్రాన్స్‌లో కాయూ కుటుంబం ఇంకో జెండా వెంటపడింది. నీలం, తెలుపు, ఎరుపు మూడూ ఒకే పువ్వులో రావాలి. తెల్ల పైరేకులు, నీలం కిందిరేకులు సరే, ఎరుపును ఎక్కడ పెట్టాలి? గడ్డంలో పెట్టారు. ఆస్ట్రేలియాలో బారీ బ్లైత్‌కు అంచుకుట్టు కన్నా పైరేకుకూ కిందిరేకుకూ మధ్య రంగుల పొత్తు మీద మోజు. పైన పీచు, కింద ఊదా లాంటి జోడీలతోనే ఆయన పేరు మోగింది.

వీళ్లలో ఎంతమంది దీన్ని ఉద్యోగంగా చదువుకుని వచ్చారని చూస్తే ఈ పేజీ చదివేవాళ్లకు ఆసక్తిగా ఉంటుంది. మెడల్‌కు పేరిచ్చిన విలియం డైక్స్ బడిపంతులు. 1913లో ఐరిస్ జాతుల మీద రాసిన పుస్తకంతో ప్రపంచానికి తెలిశాడు. ఆయనకు దారి చూపిన మైఖేల్ ఫాస్టర్ కేంబ్రిడ్జిలో శరీరధర్మశాస్త్రం ప్రొఫెసర్. టర్కీ వైపు నుంచి పెద్ద పూల ఐరిస్‌లు తెప్పించి పెంచిన మనిషి ఆయనే. 48 క్రోమోజోమ్‌ల కథ అక్కడే మొదలైంది, అప్పటికి ఆ లెక్క ఎవరికీ తెలియకపోయినా. 1917లో ‘డొమినియన్’ అనే మఖమల్ పువ్వు తెచ్చిన ఆర్థర్ బ్లిస్ సివిల్ ఇంజినీరు. శాన్ ఫ్రాన్సిస్కోను పెంచిన విలియం మోర్ చనిపోయాక ఆయన మొక్కల్ని ముందుకు నడిపిన సిడ్నీ మిచెల్ బర్క్‌లీలో లైబ్రరీ సైన్స్ ప్రొఫెసర్. నెబ్రాస్కా సాస్ సోదరులు రైతులు. శాంతాక్రజ్‌లో పేరుమోసిన బ్రీడరు జో గియో ఆ ఊరికి మేయర్‌గా కూడా చేశాడు. అందరిలో ఉమ్మడిగా కనిపించేది నోటుపుస్తకం. ఏ ఏడాది దేన్ని దేనితో కలిపారు, ఎన్ని గింజలొచ్చాయి, ఎన్ని మొలిచాయి, ఎన్ని పీకేశారు. వర్షన్ కంట్రోల్ అంటే ఏంటో వీళ్లను చూసి నేర్చుకోవచ్చు.

అభిరుచుల గొడవ తెగిపోయి ఉంటే ఏమయ్యేదో చెబుతానన్నాను కదా. ఐరిస్ రకాన్ని గింజతో నిలబెట్టలేం. గింజ వేస్తే వచ్చేది ఇంకో పువ్వు. అల్లం కొమ్ములాంటి దుంపను విరిచి నాటుకుంటేనే అదే రకం వస్తుంది. 1844లో పారిస్ దగ్గర లెమోన్ అనే నర్సరీ ఆయన బయటపెట్టిన ‘మదామ్ షెరో’ అనే ప్లికాటా ఇవాళ్టికీ పూస్తోంది. తెల్లటి రేకు, అంచున నీలి కుట్టు. రెండు ప్రపంచయుద్ధాలు, శుభ్రమైన మెడల ఫ్యాషన్, అన్నీ దాటి వచ్చింది. ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు తమ పెరట్లో మూలన దాన్ని విరిచి నాటుతూ వచ్చారు కాబట్టి. అలా నాటేవాళ్లు దొరకని రకాలు కేటలాగుల్లో పేర్లుగా మాత్రమే మిగిలాయి. అమెరికాలో పాత రకాల్ని వెతికి కాపాడటానికే ఒక సొసైటీ పనిచేస్తోంది. పాడుబడ్డ ఇళ్ల దొడ్లలో, శ్మశానాల గట్ల మీద మిగిలిన పేరులేని ఐరిస్‌లను పాత వర్ణనలతో సరిపోల్చడం వాళ్ల పని.

మనకు దగ్గర్లో

శ్మశానం అంటే గుర్తొచ్చింది. మన దేశంలో గడ్డం ఐరిస్ చూడాలంటే కశ్మీర్ వెళ్లాలి. అక్కడి పాత సమాధుల మీద వసంతంలో పూసే తెల్లటి ఐరిస్ కశ్మీరియానా ఈ కుటుంబానిదే. హైదరాబాద్, విజయవాడల్లో పొడుగు గడ్డం ఐరిస్ కష్టం. దానికి నిజమైన చలికాలం కావాలి, వానకు నీళ్లు నిలిస్తే దుంప కుళ్లిపోతుంది.

బ్రీడింగ్ మీద మనసుంటే ఐరిస్సే కావాలని లేదు. ఎప్‌సెట్‌లో బైపీసీ ర్యాంకుతో బీఎస్సీ ఆనర్స్ హార్టికల్చర్‌లో చేరొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో వెంకట్రామన్నగూడెంలోని డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం, తెలంగాణలో ములుగులోని శ్రీ కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నాయి. పీజీలో పూల సాగు ప్రత్యేక విభాగం. కొత్త రకం తెచ్చినవాళ్లకు 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కింద హక్కులొస్తాయి. రైతు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు, డిగ్రీ అడగరు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు మాత్రం మంచి అవకాశం. పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల చిప్ కంపెనీల్లో పనిచేసేవాళ్లకు సేలం దగ్గరి ష్రైనర్స్ తోట గంట ప్రయాణం. న్యూజెర్సీ వాళ్లకు మాంట్‌క్లెయిర్‌లో 1927 నుంచి ఉన్న ప్రెస్బీ ఐరిస్ తోట ఉంది. రెండూ మే నెలలోనే వెళ్లాలి, జూన్ నడిమికి వెళ్తే ఆకులే కనిపిస్తాయి. వెళ్తే వరసకు పది అడుగుల దూరంలో నిలబడి ముందు నచ్చిన మూడు పూలు ఎంచుకోండి. తర్వాత దగ్గరికి వెళ్లి మళ్లీ మూడు ఎంచుకోండి. రెండు జాబితాలూ ఒకటే అయితే మీకు సెల్ఫ్‌లంటే ఇష్టమన్నమాట. వేరైతే పలక మీది పేరు రాసుకుని ఉంచండి, దుంపల అమ్మకం వేసవి నడిమి నుంచి మొదలవుతుంది.